గదికి అద్దె సరే, నల్లులకు జవాబుదారీ ఎవరు?

సినిమా పని వెతుక్కుంటూ హైదరాబాదు బస్సెక్కే పల్లెటూరి కుర్రవాడికి జూబిలీహిల్స్ పేరు చిన్నప్పటినుంచీ తెలుసు. తారల మేడలు అక్కడే. ఫిలింనగర్ పేరూ తెలుసు. స్టూడియో, ఫిలిం చాంబరు అక్కడే. కాని అతడు పెట్టె దింపేది మాత్రం ఆ మేడల్లో కాదు. వాటికి కాస్త దిగువన కృష్ణానగర్ సందుల్లోనో, ఇందిరానగర్‌లోనో, ఫిలింనగర్ బస్తీలోనో ఒక గది. అందులో ముగ్గురో నలుగురో. నెలనెలా కిరాయి, దానిపైన ముందుగా అడ్వాన్సు. ఆ అడ్వాన్సు ఊళ్లో తండ్రి వడ్డీకి తెచ్చి చేతిలో పెట్టిన డబ్బే అయివుంటుంది చాలాసార్లు.

తొలిరాత్రి దీపం ఆర్పిన అరగంటకే అసలు సంగతి బయటపడుతుంది. మంచం కోళ్ల సందుల్లోంచి, పరుపు కుట్ల మధ్యనుంచి, గోడ పగుళ్లలోంచి నల్లులు బారులు తీరి వస్తాయి. తెల్లవారి లేచేసరికి ఒళ్లంతా దద్దుర్లు. మేకప్ వేసుకుని కెమెరా ముందు నిలబడవలసిన వాడికి, పొద్దున్నే అయిదింటికి లైట్లు మోయవలసిన వాడికి నిద్రలేని రాత్రి అంటే కూలి పోగొట్టుకున్నట్టే లెక్క.

ఇంటి ఓనరును అడిగితే వచ్చే జవాబు ఒకటే. నల్లులు మీ పరుపులతో వచ్చినవేనంటాడు. మేం రాకముందునుంచీ ఉన్నవేనని కిరాయిదారు వాదిస్తాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో చెప్పగల సాక్షులు ఆ నల్లులే. అవి సాక్ష్యం చెప్పవు. చివరకు కుర్రవాడు మందు డబ్బా కొనుక్కుంటాడు, లేదా గది ఖాళీ చేస్తాడు. ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సులో కొంత "పెయింటింగు"కని, కొంత "మందు కొట్టించడానికి" అని కోతపడుతుంది.

ఇంతకూ అద్దెయింట్లో పురుగూ పుట్రా చేరితే వదిలించవలసిన బాధ్యత ఎవరిది? చట్టం ఏమంటోంది? జిల్లానుంచి పిల్లలను నగరానికి పంపే తల్లిదండ్రులు అడ్వాన్సు కట్టేముందే తెలుసుకోవలసిన సంగతి ఇది.

మద్రాసు నుంచి కొండమీదికి

తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసులో ఉన్నంతకాలం కోడంబాక్కం గదుల కష్టాలు తెలుగువారు కథలుగా చెప్పుకున్నారు. 1970 దశకం మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పారు. తర్వాత కృష్ణ పద్మాలయా స్టూడియో వచ్చింది. ఆ తర్వాత డి. రామానాయుడు ఫిలింనగర్‌లో తమ స్టూడియో కట్టారు. బండరాళ్లు, తుప్పలు తప్ప మరేమీ లేని గుట్టలు చూస్తుండగానే మేడలతో నిండిపోయాయి. స్టూడియోలు వచ్చినచోటికి కార్మికులు రావాలి గదా. ఇరవైనాలుగు శాఖల పనివారు, జూనియర్ ఆర్టిస్టులు, వేషాలకోసం తిరిగేవారు అంతా నడిచిపోగల దూరంలో గదులు వెతుక్కున్నారు. తెల్లవారుజామున కంపెనీ బండి ఎక్కించుకునేది అక్కడే కాబట్టి దూరంగా ఉంటే పని దొరకదు.

నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి వంటివారు సినీ కార్మికులకు సొంత ఇళ్లు ఉండాలని పాటుపడ్డారు. మణికొండవద్ద ఆయన పేరిటే చిత్రపురి కాలనీ వెలిసింది. అక్కడ ఇల్లు దక్కినవారు అదృష్టవంతులు. దక్కనివారు, కొత్తగా వచ్చేవారు ఇప్పటికీ కిరాయి గదుల్లోనే.

ఈ గదుల్లో ఒక విచిత్రం ఉంది. మనుషులు తరచూ మారుతుంటారు, మంచాలు మారవు. పని దొరక్క ఒకడు ఊరికి తిరిగి వెళతాడు, వాడి చోటులోకి మరొకడు వస్తాడు. వాడు వదిలిపోయిన పరుపుమీదే వీడు పడుకుంటాడు. నల్లికి ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? ఎదిగిన నల్లి కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. తిండి లేకపోయినా నెలల తరబడి బతికే మొండిది. గది ఖాళీగా ఉన్నంతమాత్రాన చచ్చిపోదు, కొత్త కిరాయిదారు కోసం కాచుకుని కూర్చుంటుంది.

చట్టంలో నల్లి లేదు

మన చట్టాల్లో ఎక్కడా నల్లి, బొద్దింక, ఎలుక అన్న మాటలతో ఓనరుకు బాధ్యత రాసిపెట్టలేదు. ఉన్న సాధారణ సూత్రాలనుంచే దాన్ని పిండుకోవాలి.

మూలం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులోని 108వ సెక్షన్ ఇల్లు ఇచ్చేవాడికి, తీసుకునేవాడికి ఉన్న హక్కులు, బాధ్యతలు చెబుతుంది. అందులో మొట్టమొదటిదే మనకు పనికివచ్చేది. ఇంట్లో పెద్ద లోపం ఒకటి ఉంది, అది ఓనరుకు తెలుసు, కిరాయిదారుకు తెలియదు, మామూలుగా చూసినా కనిపెట్టలేడు అనుకుందాం. అలాంటి లోపాన్ని ఓనరు ముందే చెప్పితీరాలి. పగటిపూట గది చూడవచ్చిన వాడికి నల్లులు కనబడవు. గోడలోపల తిన్న చెదలు కనబడవు. పాత కిరాయిదారు వాటివల్లే ఖాళీ చేశాడన్న సంగతి ఓనరుకు తెలిసి దాచిపెడితే, అది చెప్పవలసింది చెప్పకపోవడమేనని వాదించడానికి ఈ సెక్షన్ ఆధారమవుతుంది.

రెండోది మరమ్మతుల సంగతి. ఓనరు చేయించవలసిన మరమ్మతు చేయించకపోతే, కిరాయిదారు తెలియజేసి, తగిన వ్యవధి ఇచ్చి, అప్పటికీ కదలకపోతే తానే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చునని అదే సెక్షన్ అంటుంది. ఇక్కడొక మెలిక ఉంది. "ఓనరు చేయించవలసిన" మరమ్మతు ఏదన్నది చట్టం విడమరచి చెప్పలేదు. ఒప్పందంలో ఏముందో అదే ముఖ్యం. పైగా ఈ సెక్షన్ మొత్తం, ఒప్పందం మరోలా లేనప్పుడే వర్తిస్తుంది. స్టాంపు కాగితంమీద "అన్ని మరమ్మతులూ కిరాయిదారువే" అని రాసి ఉండగా చదవకుండా సంతకం పెట్టినవాడికి 108వ సెక్షన్ పెద్దగా అక్కరకు రాదు. చదవకుండా సంతకం పెట్టేవారే నూటికి తొంభైమంది అన్నా తప్పులేదేమో.

అద్దె నియంత్రణ చట్టం ఉంది గదా అని కొందరికి ధీమా. 1960 నాటి ఆ చట్టం నీళ్లు, కరెంటు వంటి వసతులు ఓనరు ఇష్టానుసారం తెగ్గొట్టకుండా అడ్డుపడింది, అన్యాయంగా ఖాళీ చేయించకుండా కాపాడింది. అయితే 2005లో చేసిన సవరణతో నగర కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె ఇళ్లు దాని పరిధినుంచి తొలగిపోయాయి. ఇప్పటి జూబిలీహిల్స్ చుట్టుపక్కల ఆ మొత్తానికి గది కాదుగదా, గదిలో మంచం దొరికినా గొప్పే.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కొంత స్పష్టత తెచ్చింది. అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రానికారాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలు. అయినా దానికి జతచేసిన పట్టిక చదవదగినది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, నీటి గొట్టాలు మార్చడం, కరెంటు వైరింగు ఓనరు పనులు. మోరీ శుభ్రం చేసుకోవడం, కుళాయి వాషర్లు, వంటింటి సామగ్రి మరమ్మతులు, కిటికీలకు ఈగల జాలీ మార్చుకోవడం కిరాయిదారు పనులు. ఓనరు తనవంతు చేయకపోతే కిరాయిదారు చేయించుకుని అద్దెలో కోసుకోవచ్చు. కాని ఏ నెలలోనూ అద్దెలో సగానికి మించి కోయరాదు. ఇల్లు ఉండడానికి వీల్లేనంతగా పాడై, రాతపూర్వకంగా అడిగినా ఓనరు బాగుచేయించకపోతే పదిహేను రోజుల నోటీసుతో వెళ్లిపోవచ్చు. ఈ పట్టికలోనూ ఈగల జాలీ ఉందిగాని నల్లి లేదు.

బ్రైటన్‌లో ఒక పెద్దింటి కథ

నల్లుల వ్యాజ్యం కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో 1843లోనే జరిగింది. బ్రైటన్ అనే సముద్రతీర పట్టణంలో సర్ థామస్ మారబుల్ అనే పెద్దమనిషి మంచాలు, కుర్చీలు అన్నీ అమర్చిన ఇల్లు ఒకటి వారాల లెక్కన అద్దెకు తీసుకున్నారు. వారానికి ఎనిమిది గినీలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. తీరా చేరి చూస్తే ఇల్లంతా నల్లులు. వారం అద్దె చెల్లించి కుటుంబం బయటపడింది. మిగతా వారాల డబ్బుకోసం ఇంటివారు కోర్టుకెక్కారు. సామానుతో సహా అద్దెకిచ్చే ఇల్లు మనుషులు నివసించడానికి యోగ్యంగా ఉంటుందన్న హామీ ఆ ఒప్పందంలోనే ఇమిడి ఉందని, నల్లుల కొంపలో ఉండమని బలవంతపెట్టరాదని కోర్టు చెప్పింది. మారబుల్ గెలిచారు.

ఆ వెంటనే వచ్చిన మరో వ్యాజ్యంలో అదే కోర్టు గిరి గీసింది. సామాను లేకుండా ఒట్టి ఇల్లు అద్దెకిస్తే అలాంటి హామీ దానంతట అది రాదని తేల్చింది. ఈ తీర్పులు మన కోర్టులను కట్టిపడేసేవి కావు. అయినా వాటి వెనకున్న ఇంగితం కృష్ణానగర్ గదికి అచ్చంగా సరిపోతుంది. మంచం, పరుపు ఓనరు ఇచ్చినవైతే వాటిలోని నల్లులకూ ఆయనే జవాబుదారీ అనడం న్యాయం. ఒట్టి నాలుగు గోడలు అద్దెకు తీసుకుని, సెకండ్ హ్యాండు పరుపు కొని తెచ్చుకున్నవాడు ఓనరుమీద విరుచుకుపడడం సబబు కాదు.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడి న్యూయార్కు నగరంలో 2010లో వచ్చిన చట్టం ప్రకారం, కొత్తగా వచ్చే కిరాయిదారుకు ఆ ఇంట్లో, ఆ భవనంలో గడచిన ఏడాదిలో నల్లులు ఉన్నాయా లేదా అన్నది ఓనరు కాగితంమీద రాసివ్వాలి. 2018లో చేసిన మరో చట్టం ఎలుకలు, బొద్దింకలు లేకుండా చూడడమేగాక, అవి వచ్చే పగుళ్లు పూడ్చడంకూడా ఓనరు బాధ్యతగా చేసింది. బొద్దింకల రెట్ట, పొట్టు పిల్లల్లో ఉబ్బసాన్ని రేపుతాయన్నది దానికి కారణం. జూబిలీహిల్స్‌లో ఇల్లు అద్దెకిచ్చి అమెరికాలో ఉంటున్న తెలుగువారు అక్కడ తాము కిరాయిదారులుగా పొందే హక్కును ఇక్కడ తమ కిరాయిదారుకు ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

ఎక్కడినుంచి వస్తోంది?

చట్టం నోరు విప్పనప్పుడు పురుగు వచ్చే దారి చూడాలి. దారి ఎవరి చేతిలో ఉంటే బాధ్యత వారిది.

ఎలుక సంగతి తీసుకుందాం. అర అంగుళం సందు దొరికితే చాలు, ఎలుకపిల్ల దూరిపోతుంది. తలుపు కింద ఖాళీ, గొట్టం వెళ్లేచోట పూడ్చని కంత, విరిగిన మోరీ మూత ఇవన్నీ కట్టడంలోని లోపాలు. వాటిని పూడ్చకుండా కిరాయిదారుకు బోను కొనుక్కోమని చెప్పడం మాట తప్పించుకోవడమే. మరోవైపు రాత్రి తిన్న ఎంగిలి విస్తళ్లు గుమ్మం పక్కన పెట్టి, ఎలుకలొచ్చాయని ఓనరుకు ఫోన్లు చేసే గదులూ ఉన్నాయి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. అది వైరు కొరికితే ఇల్లే అంటుకోవచ్చు. కాబట్టి ఇది ఇద్దరి ప్రాణాలకూ సంబంధించినదే.

బొద్దింకల్లో రెండు రకాలు. ఎర్రగా పెద్దగా ఉండేవి డ్రైనేజీ గొట్టాలనుంచి వస్తాయి. ఆ గొట్టాలు భవనానికంతా ఉమ్మడి గనుక బాధ్యతా ఉమ్మడిగా ఓనరుదో, అపార్టుమెంటు సంఘానిదో అవుతుంది. చిన్నవి వంటింటి గట్టు కింద, ఫ్రిజ్ వెనక కాపురం పెట్టేవి. వాటి గుడ్ల సంచి ఒక్కోదానిలో ముప్ఫై నలభై గుడ్లుంటాయి. వీటికి మేత వేసేది ఆ వంట చేసుకునేవారే. ఇందులోనూ ఒక చిక్కుంది. నాలుగు వాటాల ఇంట్లో ఒక్క వాటావారు మందు కొట్టిస్తే బొద్దింకలు పక్కవాటాకు వలస పోతాయి, వారం తిరక్కుండా మళ్లీ వస్తాయి.

చెదలు పూర్తిగా ఓనరు లెక్కే. పునాదినుంచి వస్తాయి గనుక. ఇల్లు కట్టేటప్పుడే నేలకు చెదల మందు పట్టించాలని, కట్టిన ఇంటికైతే ఎలా పట్టించాలని భారత ప్రమాణాల సంస్థ విడిగా నియమావళి తయారుచేసింది. దాని సంఖ్య ఐ.ఎస్. 6313. చెదలు తిన్న ద్వారబంధానికి కిరాయిదారు అడ్వాన్సులో కోతపెట్టడం అన్యాయమని వేరే చెప్పాలా?

దోమలు ఊరందరి సమస్య. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఈ గుట్టలకు కొద్ది కిలోమీటర్ల దూరాన సికింద్రాబాదులోనే. ఇంటిమీది నీళ్ల ట్యాంకుకు మూత పెట్టించడం ఓనరు పని. కూలర్లో, పూలకుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు వారానికొకసారి పారబోయడం కిరాయిదారు పని. వీధి మోరీ నగరపాలక సంస్థ పని.

అన్నిటికంటె తగువు తెచ్చేది నల్లే. ఎందుకంటే అది మురికివల్ల వచ్చేది కాదు. శుభ్రమైన ఇంట్లోకూడా సంచీ వెంట, పెట్టె వెంట వస్తుంది. ఎవరినీ నిందించి లాభంలేదు. చాలా మామూలు మందులకు అది ఎప్పుడో అలవాటుపడింది. మందు కొట్టినా గుడ్లు మిగులుతాయి. వారం పదిరోజుల్లో అవి పగిలి పిల్లలు బయటికి వస్తాయి. అందుకే రెండు వారాలు గడిచాక రెండోసారి మందు కొట్టక తప్పదు. ఒక గదిలో కొట్టి పక్కగదిలో కొట్టకపోతే ఫలితం సున్నా. పది గదుల ఇంట్లో పదింటి తాళాలూ ఎవరి దగ్గరున్నాయి? ఓనరు దగ్గర. పదింటికీ ఒకే రోజు మందు పట్టించగలవాడు ఆయనొక్కడే. ఎవరు తెచ్చారన్న తగువు ఎంతకాలం నడిచినా, వదిలించగల శక్తి ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం తేలిపోయే విషయం.

మన ఊళ్లలో పాతకాలం పద్ధతి ఒకటుండేది. నులకమంచం ఎండలో వేసి, కోళ్ల సందుల్లో మరిగే నీళ్లు పోసేవారు. అది మూఢనమ్మకం కాదు. యాభై డిగ్రీల వేడికి నల్లి, దాని గుడ్డు రెండూ చస్తాయి. దుప్పట్లు, దిండు గలీబులు బాగా వేడినీళ్లలో నానబెట్టి ఉతకడం నేటికీ మంచి వైద్యం.

మందే మృత్యువైతే

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు" అన్న సామెత ఈమధ్య అక్షరాలా నిజమవుతోంది.

2022 ఆగస్టులో బెంగుళూరు వసంతనగర్‌లోని ఒక అద్దెయింట్లో ఓనరు పురుగుమందు కొట్టించాడు. ఊరినుంచి తిరిగివచ్చి ఆ ఇంట్లో అడుగుపెట్టిన కుటుంబం జబ్బుపడింది. ఎనిమిదేళ్ల బాలిక చనిపోయింది. 2024 నవంబరులో మద్రాసు శివారు కుండ్రత్తూరులో ఒక ఇంట్లో ఎలుకలకోసం పెట్టిన మందువల్ల ఇద్దరు పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు, తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు. 2025 అక్టోబరులో మళ్లీ బెంగుళూరులోనే, పేయింగ్ గెస్టు వసతిలో ఉంటున్న 22 ఏళ్ల ఆంధ్ర యువకుడు మరణించాడు. అతడు ఊరికి వెళ్లినప్పుడు నల్లులకోసం గదిలో మందు కొట్టారు, తిరిగివచ్చి ఆ సంగతి తెలియక అందులోనే పడుకున్నాడని వార్తలు వచ్చాయి. ఆ గది కృష్ణానగర్‌లోనూ ఉండవచ్చు, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఉండవచ్చు.

పల్లెలవారికి ఇందులో మరో ప్రమాదం ఉంది. పొలానికి కొట్టే మందు ఇంట్లో ఉంటుంది గదా అని సీసాలో పోసి కొడుకుచేతికి ఇచ్చి పంపకూడదు. ధాన్యం నిలవలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలు అసలే గదిలో వాడరాదు. తేమ తగిలితే అవి విషవాయువు విడుస్తాయి. దానికి విరుగుడు మందు లేదు. వాటిని సామాన్యులకు అమ్మడంమీదే ఆంక్షలున్నాయి. పొలంలో గాలికి కొట్టుకుపోయే మందు, కిటికీలేని పది అడుగుల గదిలో ఎక్కడికి పోతుంది?

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద, డబ్బు తీసుకుని ఇళ్లలో మందు కొట్టే సంస్థకు లైసెన్సు ఉండాలి. ఓనరు ఎవరిని పిలిచినా, కిరాయిదారు ఎవరిని పిలిచినా మొదట అడగవలసింది ఆ కాగితం. ఏ మందు కొడుతున్నారు, ఎన్ని గంటలు గది మూసి ఉంచాలి, ఎంతసేపు తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి అన్న మూడు ప్రశ్నలకు రాతలో జవాబు తీసుకోవాలి. తాగే నీళ్ల బిందె, వంట సామాను ముందే బయట పెట్టాలి. గదిలో ఉండేవాడు ఊళ్లో లేకపోతే వాడికి చెప్పకుండా మందు కొట్టించడం ఓనరుకు తగని పని. తలుపుమీద తేదీ వేసి కాగితం అంటించడానికి పైసా ఖర్చు కాదు. నిర్లక్ష్యంవల్ల ప్రాణం పోతే అది కిరాయి తగాదాగా మిగలదు, పోలీసు కేసవుతుంది.

అడ్వాన్సు కట్టకముందు

గది చూడడానికి పగలు వెళ్లినా టార్చిలైటు తీసుకెళ్లడం మంచిది. మంచం మూలల్లో, పరుపు అంచు కుట్లలో నల్లటి చుక్కలు ఉంటే అవి నల్లుల రెట్ట. గోడకు నెత్తుటి గీతలు ఉంటే అక్కడ ఎవరో నల్లిని నలిపారన్నమాట. వంటింటి గట్టు కింద, తూము దగ్గర ఒకసారి చూడాలి. పక్కగదివారిని ఒక్కమాట అడిగితే ఓనరు అరగంట చెప్పినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

చేరిన రోజే గోడలు, మంచం, మోరీ సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి ఓనరుకు పంపి ఉంచుకోవాలి. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో, మామూలు అరుగుదల పోను అలాగే తిరిగి అప్పగించాలన్నది కిరాయిదారు బాధ్యత. ఎలా ఉండేదో రుజువు లేకపోతే అడ్వాన్సు కోతకు తలవంచవలసి వస్తుంది. పురుగు కనబడిన రోజే వాట్సాపులోనైనా సరే రాతలో తెలియజేయాలి. ఆరు నెలలు ఊరుకుని ఖాళీ చేసేరోజు చెబితే ఎవరూ నమ్మరు. అద్దె చెల్లించడం మాత్రం మానకూడదు. అద్దె ఎగ్గొట్టాడన్న మాట వచ్చిందంటే నల్లుల మాట వెనకబడిపోతుంది. నెలవారీ కిరాయి అయితే, ఒప్పందంలో మరోలా లేనప్పుడు పదిహేను రోజుల నోటీసు ఇచ్చి గది వదిలేయవచ్చు.

ఈ మాటలు ఓనర్లకూ వర్తిస్తాయి. ఈ జిల్లా పట్టణాల్లో కాలేజీల చుట్టూ గదులు కట్టి విద్యార్థులకు అద్దెకిస్తున్న రైతులు తక్కువమంది లేరు. ఒక కుర్రవాడు ఖాళీ చేసి మరొకడు వచ్చేలోగా మంచాలు ఎండలో వేయించి, కంతలు పూడ్పించి, సున్నం వేయిస్తే అయ్యే ఖర్చు, నడిచే ఏడాదిలో రెండుసార్లు గది ఖాళీగా పడి ఉండడంకంటే తక్కువే.

ఓనరు వినకపోతే లాయరుకు పెట్టే శక్తి అందరికీ ఉండదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టులోని న్యాయసేవా సంస్థలో అర్జీ పెట్టుకుంటే రెండు పక్షాలనూ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు. అడ్వాన్సు తగాదా అలా తేలిపోతే ఏళ్ల తరబడి సివిలు కోర్టు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

ఇక పదకొండు నెలల ఒప్పందం రాసుకునేటప్పుడు కలపవలసిన వాక్యాలు ఇవి: "గది అప్పగించేనాటికి నల్లులు, చెదలు, ఎలుకలు లేవని యజమాని చెబుతున్నారు. చేరిన నెలరోజుల్లో కనబడితే మందు ఖర్చు యజమానిది. ఆ తర్వాత గోడలు, గొట్టాలు, పక్కవాటాలనుంచి వస్తే యజమానిది, కిరాయిదారు సామానునుంచి వచ్చినట్టు తేలితే కిరాయిదారుది. కనీసం మూడు రోజులు ముందు తెలియజేయకుండా ఎవరూ గదిలో మందు కొట్టించరాదు." ఓనరు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడంలేదో పక్కగదివారిని మరొక్కసారి అడిగి, ఆ తర్వాతే అడ్వాన్సు డబ్బు జేబులోంచి తీయాలి.